చైనా స్టెల్త్ విమానాలు: డ్రాయింగుల కంటే లోహంతోనే పెద్ద పేచీ

చైనా తమకు 40 జె-35 స్టెల్త్ (రాడార్‌కు సులువుగా చిక్కని) ఫైటర్లు ఇవ్వజూపిందని 2025 జూన్‌లో పాకిస్థాన్ ప్రభుత్వం ప్రకటించింది. కొద్ది రోజులకే ఆ దేశ రక్షణ మంత్రి ఖ్వాజా ఆసిఫ్ అదంతా మీడియాలో నడిచే మాటేనన్నారు. బేరం ఎటు తేలినా, మన దగ్గర చర్చ మాత్రం ఒక్కచోటే ఆగిపోతుంది: అమెరికా దగ్గర కొట్టేసిన డిజైనే కదా అని. అందులో నిజం లేకపోలేదు. అమెరికా సంస్థల కంప్యూటర్ల నుంచి స్టెల్త్ ఫైటర్లు ఎఫ్-22, ఎఫ్-35, రవాణా విమానం సి-17ల సమాచారం కాజేసిన కుట్రలో తన పాత్రను ఒక చైనా వ్యాపారి 2016లో అమెరికా కోర్టులో ఒప్పుకుని, 46 నెలల జైలుశిక్ష తెచ్చుకున్నాడు. కానీ డ్రాయింగు చేతికొచ్చినంత మాత్రాన విమానం లేవదు.

చైనా తొలి స్టెల్త్ ఫైటర్ జె-20 మొదటిసారి ఎగిరింది 2011 జనవరి 11న, చెంగ్డూలో. అదే రోజు అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ బీజింగ్‌లో ఉన్నారు. ఆ ముహూర్తం కాకతాళీయమంటే నమ్మడం కష్టం. ముక్కు దగ్గర చిన్న రెక్కలున్న దాని ఆకారం మాత్రం ఎఫ్-22ది కాదు. అంతకుముందరి చైనా ఫైటర్ జె-10 రూపకర్త సాంగ్ వెన్‌కాంగ్ నుంచి యాంగ్ వేయ్‌కి వచ్చిన చెంగ్డూ బాణీ అది. మరుసటి ఏడాది అక్టోబరు 31న షెన్యాంగ్‌లో ఎఫ్‌సి-31 లేచింది. ఇప్పటి జె-35కి మూలం అదే.

రెండింటికీ ఒకటే జబ్బు: ఇంజిన్. మొదట్లో జె-20 రష్యా ఏఎల్-31 ఇంజిన్లతో నడిచింది. ఎఫ్‌సి-31కి పాకిస్థాన్ ఫైటర్ జెఎఫ్-17లో వాడే రష్యా ఆర్‌డి-93లే దిక్కయ్యాయి. ఇంజిన్ బలం చాలనప్పుడు బరువు తగ్గించుకోవాలి. స్టెల్త్ ఏమో బరువు పెంచుతుంది. ఆయుధాలు పొట్టలో దాచాలంటే ఒళ్లు పెద్దదవ్వాలి, పొట్టకు తలుపులు పెట్టాలి, అంత ఖాళీ వదిలినా అస్థిపంజరం వంగకూడదు. గాలి లోపలికి వెళ్లే దారిని వంకర తిప్పాలి. పైన రాడార్ తరంగాలను పీల్చే పూత పూయాలి.

అందుకే టైటానియం. ఉక్కు బరువులో 60 శాతం కూడా ఉండదు, బలానికి లోటు లేదు. ఖర్చంతా దాన్ని మలచడంలోనే ఉంది. ఎఫ్-22లో ఒక పెద్ద అడ్డుచట్రానికి సుమారు 3 టన్నుల టైటానియం దిమ్మెను ప్రెస్సులో ఒత్తి, తర్వాత చెక్కుతారు. చివరికి మిగిలేది 150 కిలోల లోపే. నగల షాపులో తరుగు పదిహేను శాతం అంటేనే మనం గొడవకు దిగుతాం. ఇక్కడ తరుగు 95 శాతం! పైగా అంత దిమ్మెను ఒత్తే ప్రెస్సులు అందరికీ ఉండవు. అమెరికా 1950లలోనే 50 వేల టన్నుల బలంతో ఒత్తేవి కట్టుకుంది, సోవియట్ యూనియన్ 75 వేల టన్నులవి పెట్టింది. సిచువాన్‌లోని దెయాంగ్‌లో చైనా 80 వేల టన్నుల ప్రెస్సు పనిలోకి వచ్చింది 2013లో.

ప్రెస్సు కోసం ఎదురుచూస్తూనే చైనా ఇంకో దారి పట్టింది. టైటానియం పొడిని లేజర్‌తో కరిగిస్తూ పొర మీద పొర పేర్చడం, అంటే త్రీడీ ప్రింటింగ్. ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో ఏరోమెట్ అనే సంస్థ యుద్ధవిమానాల భాగాలు ఇలాగే చేసి, 2005లో మూతపడింది. ఒక్కో పొర వేడెక్కి చల్లారేటప్పుడు లోహంలో ఒత్తిడి మిగిలిపోతుంది. భాగం పెద్దదయ్యేకొద్దీ వంకర పోతుంది, పగుళ్లు వస్తాయి. బీజింగ్‌లోని బెయ్‌హాంగ్ విశ్వవిద్యాలయంలో వాంగ్ హువామింగ్ బృందం ఈ చిక్కు మీదే ఏళ్ల తరబడి కూర్చుంది. 2012 సంవత్సరానికి జాతీయ సాంకేతిక ఆవిష్కరణల మొదటి బహుమతి ఈ పనికే దక్కింది. అతుకులు, బోల్టులు తగ్గితే బరువూ తగ్గుతుంది.

వాడుక సంగతి బయటపెట్టింది షెన్యాంగ్ డిజైనర్ సున్ కాంగ్. విమానవాహక నౌక మీద దిగే జె-15 నమూనాల్లో ముందు చక్రాల గేరుతో సహా బరువు మోసే ముఖ్య భాగాలకు త్రీడీ ప్రింటింగ్ వాడామని 2013 మార్చిలో చెప్పారు. ఎఫ్‌సి-31 కూడా ఆయన డిజైనే. అయితే అదే ఏడాది ఒక చైనా వెబ్‌సైటే జె-15ని ఎగిరిపడే చేప అని ఎగతాళి చేసింది. చైనా విమానవాహక నౌక లియావోనింగ్ ముందు కొసన పైకి లేచి ఉండే వంపు నుంచి నిండు బరువుతో అది లేవలేదన్నది ఫిర్యాదు. భాగాలు తేలికైనంత మాత్రాన విమానం తేలికైపోదు. అక్కడి పత్రికల గొప్పలు చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఆ తర్వాత నౌక మారింది, ఇంజినూ మారుతోంది. వంపు బదులు విమానాన్ని విసిరి లేపే విద్యుదయస్కాంత కాటాపుల్ట్ ఉన్న ఫుజియాన్ నౌక నుంచి జె-35 లేచిన దృశ్యాలను చైనా 2025 సెప్టెంబరులో విడుదల చేసింది. రష్యా ఇంజిన్ల స్థానంలో జె-20కి సొంత డబ్ల్యూఎస్-10సి ఇంజిన్లు వచ్చాయి. జె-20 కోసమే తలపెట్టిన డబ్ల్యూఎస్-15ది వాటి తర్వాతి వంతు.