మెయిన్‌ఫ్రేమ్ మీద పాత గేమ్‌లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: మెయిన్‌ఫ్రేమ్ అంటే అంత పెద్ద కంప్యూటర్ కదా, ఏ గేమైనా ఆడేయొచ్చు.

మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్స్ ప్రోగ్రామర్‌గా నేను తరచూ వినే మాట ఇది. ఏ ఆట ఆడగలమో తేల్చేది ప్రాసెసర్ కాదు, టెర్మినల్, అంటే మెయిన్‌ఫ్రేమ్‌కి తగిలించిన తెర, కీబోర్డు. ఐబీఎం 3270 తెర మీద ఎంత టైప్ చేసినా అదంతా టెర్మినల్ దగ్గరే ఆగిపోతుంది. ఎంటరో, పీఎఫ్ (ఫంక్షన్) కీయో నొక్కితేనే మెయిన్‌ఫ్రేమ్‌కి చేరుతుంది. వందలమంది ఒకేసారి ఫారాలు నింపుతుంటే ప్రతి అక్షరానికీ మెషీన్‌ని కదిలించకూడదని అలా తయారుచేశారు. అందుకే కీ నొక్కగానే ముక్క కదలాల్సిన టెట్రిస్ దీని మీద సాగదు. ఒక ఎత్తు వేసి జవాబు కోసం చూసే ఆటలు మాత్రం హాయిగా నడుస్తాయి: చదరంగం, 1971లో మైక్ మేఫీల్డ్ బేసిక్ భాషలో రాసిన స్టార్ ట్రెక్ లాంటివి.

అపోహ: మెయిన్‌ఫ్రేమ్‌లో బొమ్మల ఆటలు, మల్టీప్లేయర్ ఎప్పుడూ లేవు.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ప్లేటో అనే బోధనా కంప్యూటర్ వ్యవస్థని చూడండి. వెనక ఉన్నది సీడీసీ కంపెనీ మెయిన్‌ఫ్రేమే. కానీ టెర్మినల్‌కి 512×512 చుక్కల నారింజ రంగు ప్లాస్మా తెర, నొక్కిన ప్రతి కీ అప్పటికప్పుడే మెషీన్‌కి వెళ్ళేది. 1973 నాటికే అక్కడ ఎంపైర్ అనే ఆటలో విద్యార్థులు వేర్వేరు టెర్మినళ్ళ నుంచి ఒకరితో ఒకరు పోరాడుకున్నారు. టెర్మినలే అసలు సంగతి అని నేననడానికి ఇంతకన్నా మంచి రుజువు లేదు.

అపోహ: సోర్స్ కోడ్ దొరికితే చాలు, కంపైల్ చేసి ఆడేయడమే.

విల్ క్రౌథర్ మొదలుపెట్టి, 1977లో డాన్ వుడ్స్ పెంచిన అడ్వెంచర్ అనే ఆట ఫోర్ట్రాన్ భాషలోనే ఉంది, నిజమే. అయితే అది పీడీపీ-10 అనే వేరే కంప్యూటర్ కోసం రాసింది. ఆ మెషీన్‌లో ఒక వర్డ్ (మెషీన్ ఒకేసారి పట్టుకునే డేటా ముక్క) 36 బిట్లు, ఏడేసి బిట్ల చొప్పున అందులో ఐదు అక్షరాలు పడతాయి. ఆట మనం టైప్ చేసే మాటల్లో మొదటి ఐదు అక్షరాలనే చూసేది అందుకే. ఐబీఎంలో వర్డ్ 32 బిట్లు, ఐబీఎం వాడే ఎబ్సిడిక్ కోడ్‌లో అక్షరానికి ఎనిమిది బిట్లు కాబట్టి నాలుగే పడతాయి. అంటే మాటల్ని పోల్చే కోడంతా మళ్ళీ రాయాలి. ఓపిక ఉన్నవాళ్ళకి ఇంత మంచి పాఠం ఇంకోటి దొరకదు.

అపోహ: ఆఫీసు సిస్టమ్‌లో ఆడితే ఎవరికీ తెలియదు.

తెలుస్తుంది. ఎవరు లాగిన్ అయ్యారు, ఎంత సీపీయూ వాడారు అన్నది సిస్టమ్ వాడకాన్ని నమోదు చేసే ఎస్‌ఎంఎఫ్ రికార్డుల్లో ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి.

అపోహ: ఇంట్లో కుదరదు.

రోజర్ బౌలర్ 1999లో విడుదల చేసిన హెర్క్యులీస్ ఎమ్యులేటర్ (మెయిన్‌ఫ్రేమ్‌ని అనుకరించే ప్రోగ్రామ్) మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఐబీఎం ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్‌ఓఎస్‌కి లైసెన్స్ కావాలి కాబట్టి దాని జోలికి పోకుండా, ఉచితంగా దొరికే పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎంవీఎస్ 3.8 పెట్టుకోండి. 3270 టెర్మినల్‌లా పనిచేసే ఎక్స్3270 ప్రోగ్రామ్‌తో కనెక్ట్ అయి, టీఎస్‌ఓలో (ఆదేశాలు టైప్ చేసే చోటు) మొదట స్టార్ ట్రెక్ లాంటి చిన్న ఆట ప్రయత్నించండి.