భర్త రిపోర్టులో గర్భాశయం: వైద్య రికార్డుల పొరపాట్లపై అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రిలోని మెడికల్ రికార్డ్స్ విభాగానికి నవ్వుతూ వచ్చేవారు అరుదు. బీమా పత్రాల కోసమో, ఎక్కడో పోయిన డిశ్చార్జ్ సమ్మరీ నకలు కోసమో విసిగిపోయి వచ్చేవారే ఎక్కువ. అందువల్లనే కొన్నేళ్ల క్రితం ఒక దంపతులు చెరొక స్కానింగ్ రిపోర్టు పట్టుకుని, నవ్వు ఆపుకోలేక మా బల్ల ముందు నిలబడిన రోజు నాకు బాగా గుర్తుండిపోయింది. భర్త పేరున ఉన్న కాగితంలో గర్భాశయం సాధారణ పరిమాణంలో ఉందని, రెండు అండాశయాలూ బాగున్నాయని రాసి ఉంది. భార్య పేరున ఉన్న కాగితంలో, పురుషులకు మాత్రమే ఉండే ప్రొస్టేట్ గ్రంథి కొద్దిగా పెరిగిందని ఉంది.

"ఇన్నేళ్ల కాపురంలో ఈవిడ నాకు ఈ ప్రొస్టేట్ సంగతి ఒక్కసారైనా చెప్పలేదండీ" అని ఆయన ఫిర్యాదు చేశారు. "ముగ్గురు పిల్లల్నీ నేనొక్కదాన్నే మోశాను. ఈయనకూ గర్భసంచి ఉందని ముందే తెలిస్తే ఒకరినైనా అప్పగించేదాన్ని కదా" అని ఆవిడ అందుకున్నారు.

మేమూ నవ్వాము. తరువాత రెండు రికార్డులనూ పక్కపక్కన తెరిచి మొదటి పుట నుంచి చదవడం మొదలుపెట్టాము. ఆ గంటలో తేలిన విషయాలే ఈ వ్యాసానికి ఆధారం.

అపోహ: నవ్వు పుట్టించే తప్పు చిన్న తప్పే అయి ఉంటుంది.

వాస్తవం: ఆ తప్పు వింతగా ఉన్నందువల్ల కంటపడింది, అంతే. పొరపాటు స్కానింగ్ గదిలో జరగలేదు. అంతకు ముందే, నమోదు చేసే చోట జరిగింది. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే చిరునామా, ఒకే ఫోన్ నంబరు. ఫోన్ నంబరుతో వెతికితే తెరమీద ఇద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. తొందరలో ఒక వరుస తప్పి నొక్కడంతో, ఆ రోజు భర్తకు చేసిన ప్రతి పరీక్షా భార్య రికార్డులోకి, భార్యకు చేసినవన్నీ భర్త రికార్డులోకి వెళ్లిపోయాయి. రక్తపోటు, బరువు, రక్త పరీక్షలు, నర్సు అడిగి రాసుకున్న అలర్జీల వివరాలు కూడా అలాగే తారుమారయ్యాయి. పెన్సిలిన్ పడదని భర్త చెప్పిన మాట భార్య రికార్డులో నమోదైంది. ఆయన రికార్డులో అదే గడిలో "అలర్జీలు లేవు" అని ఉంది. పురుషుడికి గర్భాశయం ఉందని రాస్తే ఏ వైద్యుడూ నమ్మడు, కానీ అలర్జీలు లేవని రాస్తే నమ్మకపోవడానికి ఎవరికీ కారణం కనిపించదు.

రక్త పరీక్షల విషయం మరింత సున్నితమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం హిమోగ్లోబిన్ పురుషులలో డెసిలీటరుకు 13 గ్రాముల కంటే, గర్భవతులు కాని స్త్రీలలో 12 గ్రాముల కంటే తక్కువగా ఉంటే రక్తహీనతగా పరిగణిస్తారు. అంటే 12.4 అనే ఒకే అంకె భార్య పేరున ఉంటే మామూలుగా కనిపిస్తుంది, భర్త పేరున ఉంటే కారణం వెతకవలసిన లోపంగా కనిపిస్తుంది. రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం ఆధారంగా మూత్రపిండాల పనితీరును అంచనా వేసే లెక్కలో కూడా వయసుతో పాటు స్త్రీయా, పురుషుడా అన్నది చేరుతుంది. ఇటువంటి అంకెలు తారుమారైతే ఎవరికీ నవ్వు రాదు, ఎందుకంటే అవి తప్పుగా కనిపించనే కనిపించవు.

అపోహ: కాగితాల కాలం పోయింది కాబట్టి, కంప్యూటర్ రికార్డులో ఇటువంటివి జరగవు.

వాస్తవం: కంప్యూటర్ దస్తూరీ సమస్యను తీర్చిందే గానీ, ఎదుట ఉన్న మనిషి ఎవరన్నది దానికి మనమే చెప్పాలి. 2012లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన ఒక లేఖ, ఇంగ్లండ్ ఆసుపత్రుల 2009-10 గణాంకాలలో ప్రసూతి విభాగాల కింద సుమారు 17,000 మంది పురుషుల చేరికలు నమోదైనట్లు ఎత్తి చూపింది. పురుషుడి పేరున ప్రసూతి వివరాలు చేరకుండా సాఫ్ట్‌వేర్‌లో అడ్డుకట్ట వేయవచ్చు, కానీ ఒకే పేరున్న ఇద్దరు స్త్రీల వివరాలు కలిసిపోతే ఆ అడ్డుకట్ట దేనికీ పనికిరాదు. దీనికి తోడు పాత నోట్సును కొత్త సందర్శనలో యథాతథంగా అతికించే అలవాటు ఒకటి ఉంది. ఒకసారి తప్పుగా చేరిన వాక్యం ఆ అలవాటు పుణ్యమా అని ఏళ్ల తరబడి ప్రతి నోట్సులోనూ తాజాగా కనిపిస్తూనే ఉంటుంది.

అపోహ: పేరు పెట్టి పిలిచి లోపలికి పంపితే గుర్తింపు సరిచూసినట్లే.

వాస్తవం: మా దంపతులలో ఏ పేరు పిలిచినా ఇద్దరూ లేచి వచ్చారట. "మీరు ఫలానా కదా?" అని అడిగితే, చెవి సరిగా వినిపించనివారు, భయపడినవారు, మర్యాద కోసం తల ఊపేవారు అందరూ అవుననే అంటారు. కనీసం రెండు గుర్తింపు వివరాలు, ఉదాహరణకు పేరు, పుట్టిన తేదీ, సరిచూడాలని, గది నంబరును గుర్తింపుగా వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే సూచించింది. ఆ రెండింటినీ మేము చదివి వినిపించడం కాకుండా, రోగి నోటి నుంచే రావాలి.

అపోహ: తప్పు దొరికింది కాబట్టి దానిని చెరిపేస్తే సరిపోతుంది.

వాస్తవం: రికార్డులో ఏదీ చెరపకూడదు. కాగితం మీదైతే తప్పు రాతపై ఒక్క గీత గీసి, కింది అక్షరాలు చదవడానికి వీలుగా ఉంచి, సరైన వివరం పక్కన రాసి, తేదీ వేసి సంతకం చేస్తారు. తెల్ల సిరా పూసిన కేస్ షీట్‌ను చూస్తే మాకు నిద్ర పట్టదు. కంప్యూటర్‌లో ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారన్న చిట్టా దానంతట అదే నిలుస్తుంది. పాత వాక్యం చూసి ఎవరైనా ఒక మందు రాసి ఉంటే, ఎందుకు రాశారన్నది తరువాత తెలియాలి కదా. పైగా ఆ రిపోర్టు అప్పటికే ల్యాబ్‌కు, మందుల విభాగానికి, బీమా సంస్థకు, వేరొక వైద్యుడికి వెళ్లి ఉండవచ్చు. ఒక చోట దిద్దితే మిగతా చోట్ల అది దానంతట అది మారదు కాబట్టి, ఎక్కడెక్కడికి వెళ్లిందో జాబితా రాసుకుని ఒక్కొక్కరికీ తెలియజేయాలి.

అపోహ: రోగి తప్పు ఎత్తి చూపితే వైద్యులకు కోపం వస్తుంది, అయినా వాళ్లే గమనిస్తారు.

వాస్తవం: 2020లో జామా నెట్‌వర్క్ ఓపెన్ పత్రికలో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో, తమ వైద్య నోట్సు చదివి సమాధానమిచ్చిన 22,889 మందిలో దాదాపు ఐదుగురిలో ఒకరు తప్పు కనిపించిందని చెప్పారు, వారిలో పదింట నాలుగు వంతుల మంది అది తీవ్రమైనదని భావించారు. తన శరీరం గురించి రాసిన కాగితాన్ని రోగి చదివినంత శ్రద్ధగా చదివే తీరిక మాలో ఎవరికీ ఉండదన్నది నా అనుభవం.

భార్యాభర్తలలో ఎవరైనా ఒకరు వచ్చి ఇద్దరి రికార్డులూ సరిచేయించుకోవచ్చన్న అపోహ గురించి ఒక్క మాట చాలు. ఎవరి రికార్డు వారిదే, ఎవరి అభ్యర్థనపై వారే సంతకం చేయాలి, లేదా రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి.

ఆ దంపతులు ఇద్దరూ వచ్చారు కాబట్టి మాకు ఆ ఇబ్బంది రాలేదు. ఇద్దరి రికార్డులకూ వేర్వేరు ఫోన్ నంబర్లు చేర్చి, దిద్దిన కాగితాలు చేతికిచ్చాము. పాతవి ఇంట్లో దాచుకుంటామని వారు పట్టుబట్టడంతో, వాటిపై అడ్డంగా "చెల్లదు" అని ముద్ర వేసి ఇచ్చాను. సంతకం చేసే ముందు ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, అలర్జీల గడిలో ఉన్నది రెండు కాగితాల నుంచీ పైకి చదివి వినిపించారు. "పెన్సిలిన్ మీదే" అని ఒక కాగితాన్ని ఆయన వైపు జరిపారు.