28 ఏళ్లు కౌన్సిలర్ లేని ఊరు

పట్టుచీరల కోసం చెన్నై టి.నగర్ వచ్చిన చుట్టాలను ఆ 'టి' ఎవరని అడిగితే చాలామంది చెప్పలేరు. అది పిట్టి త్యాగరాయ చెట్టి పేరు. తెలుగు ఇంటి మనిషి. మద్రాసు కార్పొరేషన్‌కు ప్రభుత్వ అధికారి కాని మొదటి అధ్యక్షుడు ఆయనే. పక్కనున్న పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజాది కాళహస్తి వైపు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ఆయనే ప్రథమ మంత్రి, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి.

త్యాగరాయ చెట్టి హయాంలో కార్పొరేషన్ కౌన్సిల్ 1920 సెప్టెంబరు 16న ఒక చిన్న తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్ పేటలోని కార్పొరేషన్ బడి పిల్లలకు, తలకు రోజుకు అణాకు మించకుండా టిఫిన్ పెట్టాలని. పిల్లలు పేదవాళ్లు, తిండి లేక బడికి రావడం తగ్గిపోతోంది అన్నది కారణం. ఇప్పుడు దేశమంతా ఉన్న మధ్యాహ్న భోజనానికి తొలి అడుగుల్లో ఇదొకటి. 1925లో పై ప్రభుత్వం ఖర్చుకు ఒప్పుకోకపోవడంతో ఆగింది, కొన్నాళ్లకు మళ్లీ మొదలైంది. ఈ కథ నాకు ఎంతో ఇష్టం. ఒక పేటలో పిల్లల ఆకలి ఆ పేటకు దగ్గరగా ఉన్న సభ దాకా వెళ్లింది, ఆ సభ డబ్బు తీసింది. అయితే ఒక మాట మరవకూడదు. అప్పట్లో ఓటు ఆస్తి ఉన్నవాళ్లకు, పన్ను కట్టేవాళ్లకు మాత్రమే. టిఫిన్ తిన్న పిల్లల అమ్మానాన్నల్లో ఎక్కువమందికి ఓటు ఉండి ఉండదు.

ఈ కార్పొరేషన్ దేశంలోకెల్లా పాతది. 1687 డిసెంబరులో ఇంగ్లండ్ రాజు రెండో జేమ్స్ పేరిట చార్టర్ వచ్చింది, 1688 సెప్టెంబరు 29న మొదలైంది. అంత పాత సంస్థకు, రాజ్యాంగం అందరికీ ఓటు ఇచ్చిన తర్వాతే, కౌన్సిల్ లేకుండా పోయింది.

1973లో మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) కుంభకోణం బయటపడింది. రాష్ట్ర ప్రభుత్వం కౌన్సిల్‌ను రద్దు చేసి స్పెషల్ ఆఫీసర్‌ను పెట్టింది. తప్పు చేసినవాళ్ల మీద చర్య తీసుకోవలసిందే, దాన్ని కాదనను. కానీ ఎన్నికలు మళ్లీ వచ్చింది 1996లో. మధ్యలో ఒక తరం పుట్టి, పెరిగి, ఓటు హక్కు తెచ్చుకుంది. తమ వార్డు నుంచి ఎవరినైనా ఎన్నుకోవచ్చని వాళ్లకు తెలిసే అవకాశమే రాలేదు. రోడ్డు పాడైతే ఆఫీసుకెళ్లి అర్జీ పెట్టుకోవడమే వాళ్లకు అలవాటైంది. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదని నా అనుమానం.

1996 ఎన్నికలకు దారి వేసింది 74వ రాజ్యాంగ సవరణ. అది 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. 243యు అధికరణం ప్రకారం కౌన్సిల్ గడువు అయిదేళ్లు, అది తీరకముందే కొత్త ఎన్నిక పూర్తి కావాలి. ఆ తర్వాత మేయర్‌ను ఎన్నుకునే పద్ధతి మాత్రం పలుమార్లు మారుతూ వచ్చింది. ఒకసారి జనమే నేరుగా, ఇంకోసారి కౌన్సిలర్ల చేత. 2011లో ఊరు 426 చదరపు కిలోమీటర్లకు పెరిగి, 155 వార్డులు 200 అయ్యాయి.

2016 అక్టోబరులో జరగాల్సిన ఎన్నికల నోటిఫికేషన్‌ను మద్రాసు హైకోర్టు కొట్టేసింది. ఎస్టీలకు రిజర్వేషన్లు సరిగా ఇవ్వలేదన్న వాదన మీద కేసు నడిచింది. తర్వాత వార్డుల పునర్విభజన అన్నారు, ఇంకేవో కారణాలు వచ్చాయి. మళ్లీ ఓటు వేసింది 2022 ఫిబ్రవరిలో. రెండు విరామాలూ కలిపితే దాదాపు 28 ఏళ్లు.

ఆ రెండో విరామంలోనే 2019 వేసవి వచ్చింది. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ అడుగంటాయి. జోలార్‌పేట నుంచి రైలులో నీళ్లు తెచ్చారు. మేము అప్పుడు పెరంబూరులో ఉండేవాళ్లం. బిందెలు వరుసలో పెట్టుకుని నీళ్ల లారీ కోసం అర్ధరాత్రి దాకా కూర్చునేవాళ్లం, ఒకటే టెన్షన్. ఒక రాత్రి కింది వాటాలో ఉండే పెద్దమ్మ, "పదమ్మా, కౌన్సిలర్ ఇంటికెళ్లి అడుగుదాం" అంది. ఎవరి ఇంటికని నేను అడిగాక ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. కరోనా, 2021 నవంబరు వరదలు కూడా కౌన్సిల్ లేకుండానే గడిచాయి.

2022లో సగం వార్డులు మహిళలకు కేటాయించారు. ఒక దళిత మహిళ మొదటిసారి చెన్నై మేయర్ అయ్యారు. అన్నేళ్లు ఎదురుచూశాక వచ్చిన ఎన్నికలో ఓటు వేసింది మాత్రం దాదాపు 43 శాతమే. అదే ఏడాది వార్డు కమిటీలు, ఏరియా సభల నిబంధనలు కూడా వచ్చాయి. పల్లెల్లో గ్రామసభలాగా, పేటవాళ్లు కూర్చుని అడిగే చోటు ఏరియా సభ.

కౌన్సిల్ ఉంటే చాలా అంటే, 2025 ఆగస్టు గుర్తొస్తుంది. రాయపురం, తిరువికనగర్ జోన్ల పారిశుధ్య పనిని ప్రైవేటుకు ఇవ్వడాన్ని వ్యతిరేకిస్తూ కార్మికులు కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిపన్ భవనం ముందు పేవ్‌మెంట్ మీద 13 రోజులు కూర్చున్నారు. ఈ ఊరిని ఊడ్చేవాళ్లలో తరాల కిందట ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన దళిత కుటుంబాలు చాలా ఉన్నాయి, ఇంట్లో మాట్లాడేది తెలుగే. జీతం తగ్గుతుందన్నది వాళ్ల భయం, పర్మనెంట్ చేయమన్నది వాళ్ల డిమాండ్. హైకోర్టు ఉత్తర్వు తర్వాత అర్ధరాత్రి పోలీసులు వాళ్లను అక్కడి నుంచి తీసేశారు. ఎన్నికైన సభ గోడకు అవతల, వీళ్ల బతుకు గురించిన నిర్ణయం గోడకు ఇవతల కూర్చున్న వీళ్లను అడగకుండానే జరిగిపోయిందన్న బాధ నాకు ఇంకా ఉంది.

ఇప్పటి కౌన్సిల్ 2022 మార్చిలో ప్రమాణం చేసింది. అయిదేళ్ల గడువు 2027 మార్చిలో తీరుతుంది. మా పేట ఏరియా సభలో నేను అడగాలనుకున్న మొదటి ప్రశ్న, ఆలోపు ఎన్నిక జరుగుతుందా అని. రెండో ప్రశ్న, మా వీధి ఊడ్చే అక్కలను ఆ సభకు ఎవరైనా పిలిచారా అని.