నేలలో ఎంత, గింజలో ఎంత

జపాన్‌లోని టొయామా ప్రాంతంలో జింజూ నది నీళ్లు పారించి వరి పండించిన ఊళ్లను ఒకప్పుడు ఎముకల జబ్బు పట్టి పీడించింది. దగ్గినా ఎముక విరిగేంత పెళుసుదనం. ఎగువనున్న కమియోకా గని నుంచి కొట్టుకొచ్చిన కాడ్మియం అనే విషలోహమే దీనికి మూలమని ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. పొలాల మట్టిని బాగుచేసే పని మూడు దశాబ్దాలకు పైగా సాగి 2012లో గానీ పూర్తి కాలేదు.

అంత ఖర్చు అందరి వల్లా అయ్యేది కాదు. అందుకే ఇంకో దారి వెతికారు: లోహాన్ని తీసేయలేకపోతే, వేరుకు అందకుండా చేయడం. నేలలో మొత్తం లోహం ఎంతుందన్నది ఒక లెక్క, నేల తేమలో కరిగి వేరు పీల్చుకోగలిగేది ఎంతన్నది వేరే లెక్క. గింజలోకి వచ్చేది ఈ రెండో లెక్కను బట్టే.

ఆమ్ల నేలలో సున్నం వేస్తే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; ఆమ్లం తగ్గేకొద్దీ పెరుగుతుంది) పెరిగి, మట్టి రేణువుల మీద రుణావేశం ఎక్కువవుతుంది. ధనావేశమున్న కాడ్మియం, సీసం వాటికి అంటుకుపోతాయి. జిప్సంలోనూ కాల్షియం ఉంది కదా అని అది చల్లితే ఈ పని జరగదు, దానికి ఆమ్లాన్ని విరిచే గుణం లేదు. మన నల్లరేగడిలో పీహెచ్ ఎలాగూ 8 దగ్గర ఉంటుంది. అక్కడ సున్నం డబ్బు దండగ, పైగా ఉన్న కాస్త జింకు కూడా పైరుకు అందదు.

బాగా చివికిన పశువుల ఎరువు కూడా లోహాలను పట్టి ఉంచుతుంది. పట్టణాల చెత్తతో చేసిన కంపోస్టు విషయంలో మాత్రం జాగ్రత్త, లోహాలు దాంతోనే రావచ్చు. అందుకే మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు అందులో కిలోకు కాడ్మియం 5, సీసం 100 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది.

అసలు చిక్కు ఆర్సెనిక్‌తో. భాస్వరం సీసాన్ని దాదాపు కరగని ఖనిజంగా మార్చేస్తుంది. కానీ ఆర్సెనిక్ రూపమైన ఆర్సెనేట్, రసాయన స్వభావంలో భాస్వరం రూపమైన ఫాస్ఫేట్‌కు కవల లాంటిది. ఫాస్ఫేట్ వచ్చి మట్టి మీద దాని చోటు ఆక్రమిస్తే, ఆర్సెనిక్ విడివడి నీళ్లలోకి దిగుతుంది. ఒకదానికి మందు, ఇంకోదానికి ఎగదోపు!

వరి మడిలో నీళ్లదీ ఇదే తంతు. నీళ్లు నిలిస్తే గాలి అందక గంధకం సల్ఫైడ్‌గా మారి కాడ్మియాన్ని బంధిస్తుంది. అదే మడిలో ఇనుము ఆక్సైడ్లు కరిగి, వాటిని అంటిపెట్టుకున్న ఆర్సెనిక్ బయటపడుతుంది. మడి ఆరగడితే కథ తిరగబడుతుంది. కాబట్టి ఆరుతడి మంచిదా కాదా అని అడిగేవారిని, మీ నేలలో ఉన్నది ఏ లోహమని ముందు ఎదురు అడగాలి. కాడ్మియం ఉన్న చోట, ఈనిక నుంచి గింజ పాలు పోసుకునే దాకా నీళ్లు తీయకపోవడమే మేలు.

మన భూసార పరీక్ష కార్డులో 12 అంశాలుంటాయి, కాడ్మియం, సీసం అందులో లేవు. అయితే జింకు కొలవడానికి మట్టిని కలిపే డీటీపీఏ (లోహాలను పట్టి నీళ్లలోకి లాగే రసాయనం) ద్రావణంలోకే మొక్కకు అందే కాడ్మియం కూడా దిగుతుంది. సున్నితంగా కొలవగల పరికరముంటే, అందులో కాడ్మియాన్ని కొలిచే దీపం పెట్టి ఆ ద్రావణాన్నే మరోసారి చదివించవచ్చు.