రోటర్‌డామ్‌లో దిగిన రబ్బరు ఎవరి ఖాతాలోది?

అడవులు నరికిన నేలలో పండిన సరుకును ఐరోపాలో అమ్మనివ్వని ఐరోపా సమాఖ్య అటవీ నిర్మూలన నిరోధక చట్టం రెండుసార్లు వాయిదా పడింది. పెద్ద కంపెనీలకు ఇప్పుడు గడువు 2026 డిసెంబర్ 30. 2021 నాటి ముసాయిదాలో సహజ రబ్బరు లేదు, ఐరోపా పార్లమెంటు పట్టుబట్టి చేర్పించింది. గడువు దగ్గరపడేకొద్దీ పాత పేచీ పైకొస్తోంది: ఇండొనేసియా రబ్బరును ఎక్కువగా తెప్పించుకుంటున్నది నెదర్లాండ్సా, జర్మనీయా?

ఈ చిక్కుముడి పడింది 1993 జనవరి 1న. ఉమ్మడి మార్కెట్ మొదలైన ఆ రోజుతో సభ్యదేశాల సరిహద్దుల్లో కస్టమ్స్ పత్రాలు పోయి, ఆ దేశాల మధ్య సరుకు లెక్క కట్టే ఇంట్రాస్టాట్ పద్ధతి వచ్చింది. ఒక పరిమితి దాటిన కంపెనీలే నెలనెలా తమ సరుకు రాకపోకల లెక్క పంపుతాయి. జర్మనీ 2025లో దేశంలోకి వచ్చే సరుకు విషయంలో ఆ పరిమితిని ఏడాదికి 8 లక్షల యూరోల నుంచి 30 లక్షలకు పెంచింది. అంతకు లోపు వ్యాపారమంతా అంచనాయే.

ఒక కంటైనర్ తీసుకుందాం. టీఎస్‌ఆర్ 20 రకం బ్లాక్ రబ్బరు, 35 కిలోల బేళ్లు, ప్యాలెట్‌కు 36, మొత్తం 16 ప్యాలెట్లు. అంటే 20.16 టన్నులు. రోటర్‌డామ్‌లో దిగినా, ట్రాన్సిట్ పత్రం మీద సీలు విప్పకుండా వెళ్లి జర్మనీలో కస్టమ్స్ క్లియరైతే నెదర్లాండ్స్ పట్టికలో కనపడదు. రోటర్‌డామ్‌లోనే క్లియర్ చేసి లారీ ఎక్కిస్తే మాత్రం ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ యూరోస్టాట్‌ లెక్కల్లో రెండుసార్లు పడుతుంది: ఇండొనేసియా నుంచి నెదర్లాండ్స్‌కు, నెదర్లాండ్స్ నుంచి జర్మనీకి. కూడితే 40.32 టన్నులు. జర్మనీ సొంత గణాంకాల్లో సరుకు పండిన మూలదేశం రాస్తారు కాబట్టి అదే సరుకు అక్కడ ఇండొనేసియా పేరనే ఉంటుంది.

విదేశీ కంపెనీ పేరన క్లియరై దాటిపోయే సరుకును డచ్ గణాంక సంస్థ సీబీఎస్ దేశీయ లెక్కలోంచి తీసేస్తుంది, యూరోస్టాట్‌కు పంపే లెక్కలో కలుపుతుంది. రెండు అంకెలూ సరైనవే. కానీ నెదర్లాండ్స్ ఎంత రబ్బరు వాడుతోందో చెప్పాల్సినచోట పెద్ద అంకె చూపడం అన్యాయం. ఆ దేశంలో రబ్బరు వాడే ఎన్‌స్కెడె టైర్ల ఫ్యాక్టరీని 2026 వేసవికల్లా మూసేస్తామని అపోలో టైర్స్ ప్రకటించింది కూడా. మన చిన్నపాండూరులో ఫ్యాక్టరీ ఉన్న కంపెనీయే అది. సరుకును మొదట మార్కెట్లో పెట్టినవాడిదే బాధ్యతని చట్టం అంటోంది నిజమే, అయితే అది తనిఖీకి సంబంధించిన మాట, వాడకానికి కాదు.

రబ్బరు పాలు, అంటే లాటెక్స్ దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. లాటెక్స్‌కు ఇచ్చిన 4001 10 కోడ్ కింద కస్టమ్స్ రాసే బరువులో నీళ్లూ ఉంటాయి. గాఢ లాటెక్స్‌లో పొడి రబ్బరు 60 శాతమే, కాబట్టి 1,000 టన్నులంటే నికరంగా 600. షీట్లు (4001 21), బ్లాక్ రబ్బరు (4001 22)తో కలిపేముందే 0.6తో గుణించాలి. గట్టాపెర్చా వంటి వేరే చెట్ల జిగుళ్లు ఉండే 4001 30ని పక్కన పెట్టాలి.

2022 జనవరి నుంచి సభ్యదేశాలు ఒకదానికొకటి పంపే సరుకుకూ మూలదేశం రాయడం తప్పనిసరి చేశారు. నెదర్లాండ్స్ దిగుమతిలోంచి జర్మనీకి దాటించిన ఇండొనేసియా రబ్బరును తీసేయడం అప్పటినుంచే సాధ్యమైంది. చట్టం అడవుల నరికివేతకు పెట్టిన హద్దు తేదీ 2020 డిసెంబర్ 31, ఆ తర్వాత నరికిన నేలలో పండిన సరుకు చెల్లదు. ఆ ఏటి పట్టికల్లో ఈ తీసివేత కుదరదు.