హాజరు, కండొనేషన్, మాల్‌ప్రాక్టీస్: బీటెక్ పిల్లల్లో ఉన్న అపోహలు - వాస్తవాలు

కోనసీమలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో అకడమిక్ సెక్షన్ చూస్తుంటాను. హాజరు లెక్కలు, కండొనేషన్ (హాజరు లోటును మన్నించడం) జాబితాలు, రీ-అడ్మిషన్లు, మాల్‌ప్రాక్టీస్ (పరీక్షల్లో అక్రమాలు) ఫైళ్లు అన్నీ మా టేబుల్ మీదుగానే వెళ్తాయి. సెమిస్టర్ చివర్లో ఏడుస్తూ వచ్చే పిల్లల్లో బాగా చదివేవాళ్లు కూడా చాలామందే ఉంటారు. సీనియర్ చెప్పాడనో, హాస్టల్లో విన్నామనో నమ్మి ఊరుకుంటారు. రూల్స్ పుస్తకం యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, తెరిచేవాళ్లు తక్కువ. అందుకే మాకు రోజూ ఎదురయ్యే మాటల్ని ఇక్కడ ఒక్కచోట పెడుతున్నాను.

నేను చెప్పేవి కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోని బీటెక్ నిబంధనలు, ముఖ్యంగా 2023-24 నుంచి చేరినవాళ్లకు వర్తించే ఆర్23 అనే రెగ్యులేషన్. అటానమస్ కాలేజీలకు, నన్నయ యూనివర్సిటీ కింద డిగ్రీ చదివేవాళ్లకు వేరే పుస్తకాలుంటాయి. వాళ్లు అవి చూసుకోవాలి.

అపోహ: "75 శాతం చాలు కదా, మొదట్లో మానేసినా తర్వాత కవర్ చేసుకోవచ్చు."

ఇదే అందరికంటే ఎక్కువమందిని ముంచుతోంది, కాబట్టి లెక్క వేసే చూపిస్తాను. హాజరు లెక్కేది పీరియడ్ల మీద. రోజుల మీద కాదు. సెమిస్టర్‌లో 480 పీరియడ్లు జరిగాయనుకుందాం. 75 శాతానికి 360 కావాలి. మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష) నాటికి సగం, అంటే 240 పీరియడ్లు అయిపోయాయి. మీరు వాటిలో 120కి వచ్చారు, అంటే 50 శాతం. ఇప్పుడు 75కి చేరాలంటే మిగిలిన 240 పీరియడ్లకూ రావాలి. ఒక్కటి పోయినా 75 రాదు. కండొనేషన్ అయినా దక్కాలంటే 65 శాతం, అంటే 312 ఉండాలి. దానికి కూడా మిగిలిన 240లో 192కి రావాలి, అంటే నూటికి 80. జ్వరం రాకూడదు, అక్క పెళ్లి ఉండకూడదు, బస్సు తప్పిపోకూడదు.

ల్యాబ్ ఉన్న రోజు మానేస్తే ఆ ఒక్క పూటకే మూడు పీరియడ్లు పోతాయి. సంక్రాంతికి ముందు రెండు రోజులు, తర్వాత మూడు రోజులు కలిపి ఎగ్గొట్టేవాళ్లు మా దగ్గర ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఆ తర్వాత చుట్టాలిళ్లు, మాఘమాసం వచ్చేసరికి పెళ్లిళ్లు, అంతర్వేది తీర్థం. పండగలకు వెళ్లొద్దని నేను ఎవరికీ చెప్పను. కాకపోతే అవన్నీ రెండో సెమిస్టర్‌లోనే వస్తాయి కాబట్టి ఆ సెమిస్టర్‌లో మిగతా రోజుల్లో ఒక్క క్లాసు కూడా వదులుకోవద్దని మాత్రం చెప్తాను.

ఇంకొకటి, ఆర్23లో మొత్తం మీద 75 శాతంతో పాటు ప్రతి సబ్జెక్టులోనూ కనీసం 40 శాతం హాజరు ఉండాలి. సార్ నచ్చలేదని ఒకే సబ్జెక్టు క్లాసులన్నీ మానేసేవాళ్లు దీన్ని చూసుకోవాలి.

అపోహ: "మెడికల్ సర్టిఫికెట్ పెడితే హాజరు కలుస్తుంది. ఫీజు కడితే ఎంత తక్కువున్నా కండొనేషన్ ఇచ్చేస్తారు."

సర్టిఫికెట్ వల్ల ఒక్క పీరియడ్ కూడా పెరగదు. రిజిస్టర్‌లో 67 ఉంటే 67గానే ఉంటుంది. 65కు తగ్గకుండా, 75కు లోపల ఉన్నవాళ్లకు సరైన కారణం చూపిస్తే కాలేజ్ అకడమిక్ కమిటీ ఆ లోటును మన్నించవచ్చు. సర్టిఫికెట్ ఆ కారణానికి రుజువు మాత్రమే. ఫీజు ఆ తర్వాత కట్టేది. 65 కంటే తగ్గితే కమిటీకి అధికారమే లేదు. ప్రిన్సిపల్‌కూ లేదు, మాకూ లేదు.

పోయిన ఏడాది గోదావరి పాయల మధ్యనున్న ఒక లంక గ్రామం నుంచి ఒక తండ్రి వచ్చారు. చేతిలో కొడుకు బస్ పాసు, ఊరి ఆర్‌ఎంపీ రాసిచ్చిన కాగితం. "మావోడు రోజూ పొద్దున్నే బస్సెక్కుతున్నాడండి. అమలాపురంలో దిగాక ఎటెళ్తున్నాడో మాకేం తెలుస్తుందండి మాస్టారూ" అన్నారు. పిల్లాడి హాజరు 58. ఆ పెద్దాయన ముందు లెక్కంతా విప్పి చూపించాను. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. ప్రతి నెలా హాజరు నోటీసు బోర్డు మీద పెడతాం, ఫోన్‌కు మెసేజ్ కూడా పంపుతాం. అయితే అడ్మిషన్ ఫారంలో తండ్రి నంబరు ఉండాల్సిన చోట స్నేహితుడి నంబరు ఉంది. తల్లిదండ్రులకు నా విన్నపం: కాలేజీలో మీ పేరు మీద ఏ నంబరు ఉందో ఒకసారి వచ్చి చూసుకోండి. అయిదు నిమిషాల పని.

అపోహ: "వరదకు రాలేకపోతే హాజరు వాళ్లే వేసేస్తారు."

మన ప్రాంతంలో ఇది పెద్ద సమస్య. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడోది వచ్చేదాకా ఆగక్కర్లేదు. అంతకు చాలా ముందే కనకాయలంక లాంటి చోట కాజ్‌వే మునిగిపోతుంది, పిల్లలు పడవ మీదే దాటాలి. 2022 జులైలో మూడో హెచ్చరికా దాటిపోయింది. అప్పుడు లంకల్లో వాళ్లు ఎలా ఉన్నారో మనందరికీ తెలుసు.

కలెక్టర్ సెలవు ప్రకటించి కాలేజీ మూసేస్తే ఆ రోజు పీరియడ్లు లెక్కలోకే రావు, ఎవరికీ నష్టం లేదు. చిక్కంతా కాలేజీ నడుస్తున్న రోజులతోనే. అమలాపురంలో ఎండ కాస్తూ ఉంటుంది, ముమ్మిడివరం అవతల లంకలో పిల్లాడు ఇంట్లోంచి కదలలేడు. రిజిస్టర్‌లో మాత్రం ఆబ్సెంట్ పడుతుంది. ఇది అన్యాయమనే నా అభిప్రాయం, మా కమిటీలోనూ ఈ మాట చాలాసార్లు చెప్పాను. రూలు మారేదాకా మీరు చేయాల్సింది ఒకటుంది. నీళ్లు తగ్గిన వారంలోనే ఏ తేదీల్లో దారి మూసుకుపోయిందో రాసి, ఊరి సచివాలయం నుంచి ధ్రువీకరణ తీసుకుని, మెంటార్ ద్వారా ప్రిన్సిపల్‌కు అర్జీ పెట్టండి. కండొనేషన్ కమిటీ కూర్చున్నప్పుడు ఆగస్టులో ఇచ్చిన ఆ కాగితానికి ఉండే విలువ నవంబరులో తెచ్చిన కాగితానికి ఉండదు.

అపోహ: "కండొనేషన్ వచ్చిందంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఢోకా లేదు."

రెండూ వేర్వేరు. కండొనేషన్ యూనివర్సిటీ రూల్స్ ఇచ్చే వెసులుబాటు, పరీక్ష రాయడానికి మాత్రమే. ప్రభుత్వ ఫీజు పథకానికి దాని సొంత 75 శాతం షరతు ఉంది. డిటైన్ అయి, అంటే పైకి వెళ్లకుండా ఆగిపోయి, మళ్లీ చదివే ఏడాదికి ప్రభుత్వం ఫీజు ఇవ్వదు, ఇంట్లోంచే కట్టాలి. రొయ్యల చెరువు మీద కూలికి వెళ్లే కుటుంబానికి ఆ ఒక్క ఏడాది ఫీజు ఎంత భారమో పిల్లలకు ముందే చెప్పాలి.

అపోహ: "డిటైన్ చేశారంటే కాలేజీ నుంచి తీసేసినట్టే."

కాదు. ముందు ఏ డిటెన్షనో తెలుసుకోవాలి, ఎందుకంటే రెండు రకాలున్నాయి.

హాజరు తక్కువై డిటైన్ అయితే ఆ సెమిస్టర్ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. మిడ్ మార్కులు కూడా పోతాయి. మళ్లీ ఆ సెమిస్టర్ క్లాసులు మొదలయ్యే రోజుకు రీ-అడ్మిషన్ తీసుకుని, జూనియర్లతో కూర్చుని మొత్తం చదవాలి. ఈలోగా రెగ్యులేషన్ మారితే కొన్ని సబ్జెక్టులు కూడా మారతాయి.

క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) చాలక ఆగిపోయేది వేరే. మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి క్రెడిట్ల అడ్డు లేదు. రెండు నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు వెళ్లడానికి నిబంధనలో చెప్పిన సెమిస్టర్ వరకు 40 శాతం క్రెడిట్లు సంపాదించాలి. ఇందులో ఆగిపోయినవాళ్లు మళ్లీ క్లాసులకు రానక్కర్లేదు. సప్లీలు (సప్లిమెంటరీ పరీక్షలు) రాసి, క్రెడిట్లు తెచ్చుకుని, తర్వాతి బ్యాచ్‌తో ముందుకు వెళ్లొచ్చు. ఈ తేడా తెలియక ఇంటి దగ్గర కూర్చుని, సప్లీ ఫీజు కట్టే తేదీ కూడా పోగొట్టుకున్నవాళ్లున్నారు. చేరినప్పటి నుంచి ఎనిమిదేళ్లలో అన్నీ పూర్తి చేయాలి. డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకు ఆరేళ్లు.

హాజరు సరిపోయి, సరిగ్గా పరీక్షల వేళ డెంగీ వచ్చి రాయలేకపోయారనుకోండి. సెమిస్టర్ పోదు. ఆ సబ్జెక్టులు సప్లీలో రాసుకోవచ్చు. అలాగే ఒకసారి హాజరు సరిపోయాక, ఇంటర్నల్ మార్కులు పెంచుకుంటానని అదే సెమిస్టర్‌లో మళ్లీ చేరతానంటే కుదరదు.

అపోహ: "కోర్టు హాజరు రూలే కొట్టేసింది."

2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు గురించి ఈ ప్రచారం. అది లా విద్యార్థులను హాజరు కారణంగా పరీక్ష నుంచి ఆపడం గురించి. దాన్ని చూసి బీటెక్ వాళ్లు క్లాసులు మానేయడం ప్రమాదం.

అపోహ: "స్లిప్పు దగ్గరుంది, కానీ చూసి రాయలేదు. అది మాల్‌ప్రాక్టీస్ కాదు."

అవుతుంది. సబ్జెక్టుకు సంబంధించిన కాగితం గానీ, సెల్‌ఫోన్ గానీ దగ్గరుంటే చాలు, వాడకపోయినా ఆ పరీక్ష రద్దు, హాల్ నుంచి బయటికి పంపడం. ఇన్విజిలేటర్‌గా ఉన్నప్పుడు ఒకమ్మాయి హాల్ టికెట్ వెనక పెన్సిల్‌తో రాసిన మూడు ఫార్ములాలు చూశాను. బస్సులో చదువుకుంటూ రాసుకుందట. ఆన్సర్ షీట్‌లో అవి ఎక్కడా లేవు. అయినా కేసు రాయక తప్పలేదు.

అయితే చూసి రాయలేదన్నది ఎందుకూ పనికిరాని మాట అనుకోవద్దు. దగ్గర ఉంచుకోవడానికి శిక్ష ఆ ఒక్క సబ్జెక్టు. చూసి రాస్తే ఆ సబ్జెక్టుతో పాటు ఆ సెమిస్టర్‌లో అప్పటిదాకా రాసినవన్నీ, ప్రాక్టికల్స్‌తో సహా రద్దవుతాయి, మిగిలినవి రాయనివ్వరు. కాబట్టి స్టేట్‌మెంట్ రాయమన్నప్పుడు కంగారులో ఎవరో చెప్పింది రాసి సంతకం పెట్టకండి. కాగితం ఎక్కడ ఉంది, అందులో ఏముంది, చూసి రాశారా లేదా, నిజం ఉన్నదున్నట్టు మీ చేత్తో రాయండి. ఆ అమ్మాయి అలాగే రాసింది. ఒక్క సబ్జెక్టే పోయింది, సప్లీలో పాసైంది.

పక్కవాడికి చూపించినవాడికి ఏమీ కాదనుకోవడం కూడా తప్పే. ఇద్దరి పేపర్లూ రద్దవుతాయి. ఒకరి బదులు ఇంకొకరు రాస్తే మాత్రం చాలా దూరం వెళ్తుంది. రాసినవాడు విద్యార్థి అయితే సీటే పోతుంది, బయటివాడైతే పోలీసు కేసు. ఎవరి కోసం రాశాడో ఆ విద్యార్థికి రెండు సెమిస్టర్ల డిబార్.

అపోహ: "హాల్ దాటి బయటపడితే ఇంక ఎవరూ పట్టుకోలేరు."

వాల్యుయేషన్‌లో కూడా దొరుకుతుంది. పక్కపక్క నంబర్ల రెండు స్క్రిప్టుల్లో ఒకే తప్పు, ఒకే చోట కొట్టివేత, ఒకే వరసలో స్టెప్పులు కనిపిస్తే పేపరు దిద్దేవాళ్లు పక్కన పెడతారు. స్క్రిప్టులోనే ఆధారం దొరికితే దానికీ శిక్ష ఉంది, అది కూడా ఒక్క సబ్జెక్టుతో ఆగదు.

చివరి పేజీలో "సార్, మాది పేద కుటుంబం, దయచేసి పాస్ చేయండి" అని రాయడం కూడా నిబంధనల ప్రకారం మాల్‌ప్రాక్టీసే. ఆ సబ్జెక్టు రద్దవుతుంది. 33 మార్కులకు రాసి, ఈ ఒక్క వాక్యంతో వాటినీ పోగొట్టుకోకండి.

అపోహ: "ప్రాజెక్టులో 10 శాతం వరకు కాపీ కొట్టొచ్చు, యూజీసీయే ఒప్పుకుంది."

యూజీసీ 2018 నిబంధనల్లో ఆ అంకె ఉన్నమాట నిజం. కానీ ఆ స్థాయిలన్నీ పీజీ, పరిశోధన థీసిస్‌లకు: 10 దాటి 40 దాకా పోలిక ఉంటే ఆరు నెలల లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాకా అయితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలు వాటి కిందికి రావని అందులోనే రాసి ఉంది. బీటెక్ ప్రాజెక్టుకు మీ యూనివర్సిటీ, మీ కాలేజీ పెట్టిన పరిమితే లెక్క.

ప్రాజెక్టు సెంటర్లలో కొన్నవి వైవాలో (మౌఖిక పరీక్షలో) బయటపడతాయి. ఒక బ్యాచ్ తెచ్చిన రిపోర్టులో 41వ పేజీ అడుగున వేరే జిల్లా కాలేజీ పేరు అలాగే ఉంది. నలుగురిలో ఎవరూ ఆ పేజీ దాకా చదవలేదు. చాట్‌జీపీటీతో రాయించిన కోడ్ అయినా అంతే. బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒక్క లైను చూపించి "ఇది తీసేస్తే ఏమవుతుంది?" అని అడుగుతారు. అర్థం చేసుకుని వాడినవాడు చెప్పగలడు. సాయం తీసుకుంటే ఎక్కడ తీసుకున్నారో రిపోర్టులో రాయండి, గైడ్‌కు ముందే చెప్పండి.

అపోహ: "కాలేజీ వాళ్లు ఏం చెప్తే అదే, మనం ఎవరికి చెప్పుకుంటాం?"

చెప్పుకోవడానికి దారి ఉంది. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. కనీసం ఒక మహిళ, ఎస్సీ, ఎస్టీ లేదా ఓబీసీ నుంచి కనీసం ఒకరు అందులో ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో కమిటీ తన సిఫార్సు ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు (ఇలాంటి అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు. హాజరు తప్పుగా వేశారనుకుంటే "నాకు అన్యాయం జరిగింది" అని మాత్రమే రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ తేదీ, ఎన్నో పీరియడ్, ఏ సబ్జెక్టు అని రాసి, మీ హాజరు ప్రింటవుట్ జతచేసి, ల్యాబ్ రికార్డులో ఆ రోజు సార్ పెట్టిన సంతకం ఉంటే దాని జిరాక్సు కూడా పెట్టండి. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద ఆఫీసులో ఇన్‌వార్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి. 15 పనిదినాల లెక్క ఆ తేదీ నుంచే.