పేరు పిలిస్తే పలకని ప్రింటర్

ఆపరేటింగ్ సిస్టం కొత్త వెర్షన్‌కు మారింది. ఇంటర్నెట్ బాగానే వస్తోంది. పక్క గదిలోని ప్రింటర్‌ను పేరుతో వెతికితే మాత్రం అలాంటి యంత్రమే లేదంటుంది కంప్యూటర్. పేరుకు బదులు 192.168.1.20 వంటి ఐపీ చిరునామా ఇస్తే అదే ప్రింటర్ వెంటనే పలుకుతుంది. అంటే తీగ తెగలేదు, వైఫై పోలేదు. పేరును చిరునామాగా మార్చే పని ఒక్కటే ఆగిపోయింది.

ఒకప్పుడు ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అర్పానెట్‌లోని యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. యంత్రాలు పెరిగి ఆ పద్ధతి సాగకపోవడంతో 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్‌ను, అంటే పేరు అడిగితే సర్వర్లు చిరునామా చెప్పే వ్యవస్థను, రూపొందించాడు. పాత ఫైలు మాత్రం పూర్తిగా పోలేదు. ‘హోస్ట్స్’ అనే పేరుతో ప్రతి కంప్యూటర్‌లోనూ నేటికీ ఉంది. మూడో పద్ధతి మల్టీకాస్ట్ డీఎన్ఎస్. 2013లో ప్రమాణంగా వెలువడిన ఈ పద్ధతిలో సర్వర్ ఉండదు. ‘డాట్ లోకల్’తో ముగిసే పేరు కావాలంటే కంప్యూటర్ 224.0.0.251 అనే చిరునామాకు ప్రశ్న పంపుతుంది. అది ఆ నెట్‌వర్క్‌లో వింటున్న యంత్రాలన్నిటికీ చేరుతుంది. ఆ పేరు ఎవరిదో వారే బదులిస్తారు. నాకు ఇది ఎంతో అందమైన ఆలోచనగా తోస్తుంది.

ఈ మూడింటిలో ముందు ఎవరిని అడగాలి? లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ఆ వరుస ‘ఎన్ఎస్‌స్విచ్’ అనే చిన్న ఫైలులో ఉంటుంది. అప్‌గ్రేడ్ తరచుగా మార్చేది ఈ వరుసనే. చాలా లినక్స్ రకాల్లో ‘డాట్ లోకల్’ పేర్లను మల్టీకాస్ట్‌కే అప్పగించి, అక్కడ దొరక్కపోతే వెతుకులాట అంతటితో ఆపేయమని రాసి ఉంటుంది. కానీ ఎన్నో కార్యాలయాలు తమ సొంత డీఎన్ఎస్ సర్వర్‌లో ‘డాట్ లోకల్’ పేర్లే పెట్టుకున్నాయి. దాంతో జవాబు తెలిసిన సర్వర్ దాకా ప్రశ్న చేరదు.

మనిషిని తికమక పెట్టేది ఇక్కడే. ‘ఎన్ఎస్ లుకప్’ అనే ఆదేశంతో చూస్తే చిరునామా వస్తుంది, యంత్రం పలుకుతుందో లేదో చూసే ‘పింగ్’ ఆదేశంతో రాదు. మొదటిది ఆ వరుసను పట్టించుకోకుండా నేరుగా డీఎన్ఎస్‌నే అడుగుతుంది. రెండోది వరుస ప్రకారం నడుస్తుంది. అందుకే లినక్స్‌లో నిజం తెలియాలంటే వరుసను పాటించే ‘గెటెంట్’ ఆదేశంతో పరీక్షించాలి.

లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో 18.04 వంటి వెర్షన్లలో ప్రశ్నలు ముందుగా 127.0.0.53 అనే చిరునామాకు, అంటే ఆ కంప్యూటర్‌లోనే ఉన్న మధ్యవర్తి ప్రోగ్రాముకు వెళతాయి. చుక్క లేని ఒంటి పేరును ఆ మధ్యవర్తి మామూలుగా అలాగే బయటి సర్వర్‌కు పంపదు. పేరు చివర చేర్చాల్సిన భాగాన్ని, అంటే డొమైన్‌ను, రౌటర్ చెప్పకపోతే నిన్నటిదాకా దొరికిన పేరు ఇవాళ దొరకదు.

పెద్ద సంస్థలకూ ఈ చిక్కు తప్పలేదు. ఆపిల్ 2014లో మ్యాక్ కంప్యూటర్ల కోసం తెచ్చిన యోసెమిటీ అనే వెర్షన్‌తో పేర్లు వెతికే పాత ప్రోగ్రామును తీసేసి కొత్తది పెట్టింది. ఫిర్యాదులు వెల్లువెత్తడంతో 2015లో 10.10.4 వెర్షన్‌తో మళ్లీ పాతదాన్నే తెచ్చింది.

చాలామంది హోస్ట్స్ ఫైలులో చిరునామా రాసి ఊరుకుంటారు. రౌటర్ ప్రింటర్‌కు కొత్త చిరునామా ఇచ్చిన రోజున అది తప్పుదారి పట్టిస్తుంది. ఇంట్లో సొంత డీఎన్ఎస్ ఉన్నవారు ‘డాట్ లోకల్’ను మల్టీకాస్ట్‌కు వదిలేసి, ఇంటి నెట్‌వర్క్‌ల కోసం 2018లో కేటాయించిన ‘హోమ్ డాట్ ఆర్పా’కు మారడం మేలు. పేర్లన్నీ ఒకసారి మార్చాలి, శ్రమే. కానీ ఆ తర్వాత ఏ ప్రశ్న ఎవరికి వెళ్లాలన్న తగువు ఉండదు.